క్రిమికి కాళ్లు లేవు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తోవలో లింగంపేట తగులుతుంది. అక్కడి నాగన్న బావిని ఇంకా చూడని పిల్లలుంటే ఈసారి సెలవుల్లో మీ నాయనను అడిగి వెళ్లండి. రాతిమెట్లు వరుస కింద వరుసగా లోపలికి దిగిపోయే పాతకాలపు బావి. చెత్తా చెదారంతో పూడిపోయిన దాన్ని ఈ మధ్యనే శుభ్రం చేసి బాగుచేశారు. మన దోమకొండ కోటను చూసి మురిసిపోయినట్టే దాన్ని చూసి కూడా మురిసిపోవచ్చు.

ఇట్లాంటి మెట్లబావులు ఒకప్పుడు మన తెలంగాణ పల్లెల దాహం తీర్చాయి. చేదబావి దగ్గర తాడు కావాలి, బొక్కెన కావాలి, గిలక కావాలి. మెట్లబావికి అవేవీ అక్కర్లేదు. కుండ చంకన పెట్టుకొని దిగడం, పాదాలు మునిగేదాకా నీళ్లలోకి పోవడం, ముంచుకొని ఎక్కడం. ఎండాకాలం నీళ్లు అడుగంటినకొద్దీ ఇంకా కిందికి దిగడం. అంటురోగాలు ఎట్లా పుడతాయి, ఎట్లా పాకుతాయి అని మీరు అడుగుతున్నారు కదా, జవాబును ఆ పాదాలు మునిగిన చోటి నుంచే మొదలుపెడతాను.

నారికురుపు అనే పేరు మీ ఈడు పిల్లలు విని ఉండరు. వినకపోవడం ఎంత పెద్ద భాగ్యమో చెబుతాను. మడమ దగ్గరో పిక్క మీదో ఒక పొక్కు లేస్తుంది. భరించలేని మంట. రెండు మూడు రోజులకు పొక్కు చిట్లి, లోపలి నుంచి తెల్లటి పోగు ఒకటి తల బయటపెడుతుంది. ఉడికిన సేమ్యా పోగంత లావు ఉంటుంది. అది పురుగు. ఆ మనిషి ఒంట్లోనే ఏడాది పాటు పెరిగిన ఆడపురుగు. పొడవు రెండు మూడు అడుగులు.

దాన్ని లాగి పారేయడానికి లేదు. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క చుట్టూ చీము పట్టి, కాలు వాచి, ఒక్కోసారి కీలు బిగుసుకుపోతుంది. అందుకని అగ్గిపుల్లంత పుల్ల తీసుకొని, బయటికి వచ్చిన కొసను దానికి చుట్టి, రోజుకు అంగుళమో రెండు అంగుళాలో తిప్పుతూ పోవాలి. పుల్లను కాలికే కట్టి ఉంచాలి. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. నాట్ల వేళకో కోతల వేళకో ఇట్లా కాలు చాపుకొని మంచం పట్టిన రైతు ఇంట్లో ఆ ఏడు తిండిగింజలకే కరువు. ఆఫ్రికా దేశం మాలిలో దీన్ని ఖాళీ గాదెల రోగం అనేవాళ్లంటే ఆ కష్టం మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు.

పురుగు కాలులోకి ఎట్లా వచ్చింది? ఏదో గుచ్చుకొని కాదు, నోటి గుండా వచ్చింది. బావి నీళ్లలో సైక్లాప్స్ అనే జీవులుంటాయి. రొయ్యలకు దూరపు చుట్టాలు, మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే తెల్లటి చుక్కలు. గాజు గ్లాసులో నీళ్లు పోసి వెలుగుకు ఎత్తిపట్టి ఓపిగ్గా చూస్తే గెంతుతూ ఈదడం కనిపిస్తుంది. నారికురుపు పురుగు పిల్లలను ఇవి మింగుతాయి. ఆ పిల్లలు వీటి కడుపులో రెండు వారాలుండి ముదురుతాయి. ఆ నీళ్లను మనిషి తాగుతాడు. పొట్టలోని ఆమ్లానికి సైక్లాప్స్ చస్తుంది, పురుగుపిల్ల మాత్రం చావదు. పేగును తొలుచుకొని బయటపడుతుంది. లోపల ఆడా మగా కలుస్తాయి, మగది చస్తుంది, ఆడది కండల నడుమ నుంచి నిదానంగా కాలివైపు దిగుతుంది. ఈ ఏడాదంతా ఆ మనిషికి ఏమీ తెలియదు. పొలానికి పోతాడు, పెళ్లికి పోతాడు, హాయిగా నిద్రపోతాడు.

ఇప్పుడు ఆ మంట సంగతి చూడండి. కాలు మండిపోతుంటే మనిషి ఏం చేస్తాడు? చల్లటి నీళ్లలో పెడతాడు. ఊరి బావికి పోయి, మెట్లు దిగి, పాదం ముంచుతాడు. లేదంటే కుంటుకుంటూ నీళ్లకు పోయిన ఆడమనిషి కాలు ఎట్లాగూ మునుగుతుంది. నీళ్లు తగలడమే ఆలస్యం, పురుగు తన లక్షలాది పిల్లలను తెల్లటి ద్రవంతో పాటు బావిలోకి వదిలేస్తుంది. సైక్లాప్స్ వాటిని మింగుతాయి. మళ్లీ ఏడాదికి ఊళ్లో ఇంకో పదిమందికి పొక్కులు లేస్తాయి.

పురుగుకు కాళ్లు లేవు, బావి ఎక్కడుందో తెలియదు. మనిషి కాలికి మంట పెట్టి, మనిషి చేతనే మెట్లు దిగించుకుంటుంది.

“అంటే దానికి అంత తెలివి ఉంటదా తాతా?” అని మా మనవరాలు అడిగింది. తెలివి ఏమీ లేదు బిడ్డా. వేల వేల తరాల కిందట ఈ పురుగుల్లో కొన్ని ఎక్కువ మంట పుట్టించేవి, కొన్ని తక్కువ పుట్టించేవి ఉండి ఉంటాయి. మంట పుట్టించని పురుగు మోసిన మనిషి కాలు నీళ్లలో పెట్టలేదు, దాని పిల్లలు నేలపాలయ్యాయి. మంట పుట్టించిన పురుగు పిల్లలు బావికి చేరాయి, వాటికి పిల్లలు పుట్టాయి. ఎవరూ అనుకోకుండానే, ఎవరూ నేర్పకుండానే, మంట పుట్టించేవే మిగిలాయి. డార్విన్ చెప్పింది ఇదే.

ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే సగం అంటురోగాలు అర్థమైనట్టే. మనం రోగ లక్షణం అనుకునేది చాలాసార్లు క్రిమి ప్రయాణం కట్టే తీరు. జలుబు చేస్తే తుమ్ము వస్తుంది. తుమ్ముతో తుంపరలు, తుంపరలతో వైరస్, పక్కవాడి ముక్కు. పిచ్చికుక్క సంగతి ఇంకా భయంకరం. రేబిస్ వైరస్ మెదడును పట్టి కరిచే ఉద్రేకాన్ని పుట్టిస్తుంది, అదే వేళకు లాలాజలంలోనూ నిండుతుంది, గొంతును పట్టి ఉమ్మి మింగనివ్వదు. కాటు, ఉమ్మి, వైరస్ మూడూ ఒక్కచోట కలిసేది అందుకే.

ఇక గత్తర. కలరాకు మన దిక్కు వాడుక అదే. పెద్దవాళ్లు ఇప్పటికీ కోపమొస్తే “నీకు గత్తర రాను” అని తిడతారంటే ఆ పేరు ఎంత భయపెట్టిందో ఊహించుకోండి. కలరా క్రిమి పేగులో ఒక విషం వదులుతుంది. ఆ విషానికి ఒంట్లోని నీరూ ఉప్పూ పేగులోకి ఊరి, గంటల్లో లీటర్ల కొద్దీ బయటికి పోతాయి. ఆ నీళ్లలో కోట్లకొద్దీ క్రిములు. మనిషి లేవలేకుండా పడిపోయినా క్రిమికి నష్టం లేదు. అతని బట్టలు చెరువులో జాడించేవాళ్లున్నారు, వాన నీళ్లు పెంటను బావిలోకి కొట్టుకొచ్చేదుంది. జలుబు వైరస్‌కు అట్లా కుదరదు. దాని రోగి బడికి రావాలి, బస్సెక్కాలి, నలుగురిలో కూర్చోవాలి. అందుకని జలుబు మనల్ని మంచాన పడేయకుండా తిరగనిస్తుందని, నీళ్ల మీదా దోమల మీదా ప్రయాణించే రోగాలకు ఆ మొహమాటం లేదని వాదించే శాస్త్రవేత్తలున్నారు. అన్ని రోగాలకూ ఈ లెక్క సరిపోదు గానీ, ఆలోచించిన కొద్దీ నాకు ఆ వాదం నచ్చుతూనే ఉంది.

సరే, నారికురుపు ఎట్లా పోయింది? దానికి మందు లేదు. టీకా లేదు. ఒకసారి వచ్చి తగ్గినవాడికి రెండోసారి రాకుండా ఒంట్లో రక్షణా ఏర్పడదు, ఏటేటా రావచ్చు. ఇన్ని లేకపోయినా మన దేశం దాన్ని వేళ్లతో సహా పీకేసింది. 1983-84లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు ఏడు రాష్ట్రాల్లో, 12 వేలకు పైగా ఊళ్లలో, దాదాపు 40 వేల మంది రోగులున్నట్టు లెక్క తేలింది. ఆ ఏడింటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరూ తిరిగి ఇల్లిల్లూ అడిగారు. మెట్లబావులకు మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, చేదబావులుగా మార్చారు. మనిషి కాలు నీళ్లను తాకకుండా చేయడమే దాని పరమార్థం. బోరింగులు వేశారు. మార్చడానికి వీల్లేని చోట సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ మందును నీళ్లలో కలిపారు, మనుషులకు హాని చేయనంత కొద్ది మోతాదులో.

ఇంటింటికీ చెప్పింది మాత్రం ఒక్కటే: నీళ్లను గుడ్డతో వడబోసి తాగండి. ఆ గుడ్డను కాస్త దగ్గరగా చూడండి. దగ్గర నేత ఉన్న బట్టలో పోగుకూ పోగుకూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతో ఐదో వంతో, అంతే. సైక్లాప్స్ అందులో పట్టదు. పురుగుపిల్ల సైక్లాప్స్ కడుపులో ఉంది కాబట్టి అదీ గుడ్డ మీదే ఆగిపోతుంది. కలరా క్రిమి అయితే ఆ సందు కంటే ఎన్నో రెట్లు చిన్నది, జారిపోవాలి. కానీ అది కూడా నీళ్లలోని ఇట్లాంటి చిన్న జీవులనే అంటిపెట్టుకొని ఉంటుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్లచేత పాత చీర గుడ్డను మడతల మీద మడతలు వేయించి నీళ్లు వడబోయిస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని రీటా కోల్‌వెల్ బృందం 2003లో చూపించింది. కొత్త చీర కంటే పాత చీరే మేలట. ఉతికి ఉతికి పోగులు విచ్చుకొని సందులు ఇంకా సన్నబడతాయి.

మన దేశంలో చివరి నారికురుపు రోగి 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించాడు. ఆ తరువాత మూడేళ్లకు పైగా కాపు కాసి, ఒక్కటీ లేదని తేలాక, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు లేని దేశంగా పత్రం ఇచ్చింది. 1986లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 35 లక్షల మందికి వచ్చేదని అంచనా. 2024లో 15 మందికి. నా మటుకు నాకు చంద్రుడి మీద కాలు పెట్టిన దానికంటే ఇదే గొప్పగా తోస్తుంది. ఆ ఘనత మందుల కంపెనీలది కాదు, తాపీ మేస్త్రీలది, నీళ్లు వడబోసిన అమ్మలది, ఎండలో ఊరూరూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలది.

నారికురుపు దారి కంటికి ఆనేది. ఆనని దారులను పట్టుకోవడానికి మనుషులు ఎంత తపించారో చెప్పాలంటే సికింద్రాబాద్ పోవాలి. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. చిత్తడి నేలల దగ్గర జ్వరం ఎక్కువ, అక్కడి గాలి కంపు కొడుతుంది, కాబట్టి గాలే కారణం. చూసింది నిజమే, కారణం వేరు. మన దేశంలోనే అల్మోరాలో పుట్టిన రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ మీద అనుమానంతో బేగంపేటలో కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పించాడు, దోమకు ఒక అణా చొప్పున. కుట్టిన దోమలను కొన్నాళ్లు బతికించి, ఒక్కొక్కదాన్నీ కోసి, పొట్ట గోడను కణం కణంగా చూసేవాడు. ఆగస్టు ఉక్కలోనూ పంకా వేయించుకునేవాడు కాదు, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి.

అంతకు ముందు రెండేళ్లు అతను చూసినవన్నీ వేరే జాతుల దోమలు. వాటిలో ఏమీ దొరకలేదు. ఈసారి దొరికినవి రెక్కల మీద మచ్చలున్న దోమలు, మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నవి. 1897 ఆగస్టు 20న, రోగిని కుట్టిన నాలుగో రోజు దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో కనిపించే అవే రేణువులు. దోమ కడుపులో మలేరియా క్రిమి పెరుగుతోంది! ఆ మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి పొట్ట నుంచి దోమ లాలాజల గ్రంథికి, అక్కడి నుంచి కాటుతో బయటికి చేరుతుందని చూపించాడు. మనుషుల విషయంలో ఆ గొలుసును ఇటలీ శాస్త్రవేత్తలు పూర్తి చేశారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. నల్లకుంటలో జనం కోరంటి దవాఖాన అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రికి పెట్టిందీ రాస్ పేరే.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది, నాకు చాలా ఇష్టం. రోగిని కుట్టిన దోమ ఆ రోజే ఇంకొకరికి మలేరియా ఇవ్వలేదు. క్రిమి దాని ఒంట్లో ముదరడానికి పది పన్నెండు రోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. దోమ బతికేదే కొన్ని వారాలు. అంటే మనకు ప్రమాదం చేసేది వయసు మళ్లిన దోమ ఒక్కటే. ఊళ్లోని దోమలన్నిటినీ చంపనక్కర్లేదు. అవి ముసలివి కాకుండా చూస్తే చాలు. మందు పూసిన దోమతెర చేసే పని అదే.

దోమలందు ఈ దోమలు వేరయా అన్నట్టు, ఒక్కో రోగం ఒక్కో దోమను ఎంచుకుంది. బోదకాలు మురికి కాలువల్లో పుట్టే క్యూలెక్స్ దోమతో వస్తుంది. రాత్రి పొద్దుపోయాక ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకుపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. పగలు రాకుండా మనం పడుకునే వేళకు ఎందుకొస్తారని విసుక్కునేవాళ్లూ ఉంటారు. బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి అయితేనే చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి, ఎందుకంటే క్యూలెక్స్ కుట్టేది రాత్రే. పగలు తీసిన చుక్కలో అవి దొరకవు. ఆ వచ్చినవాళ్లను విసుక్కోకండి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. ఈ రోగానికి ఏటా పంచిన డీఈసీ మాత్ర కూడా తెలుగువాడి చలవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన బృందం 1947 నాటికి దాన్ని వెలికితెచ్చింది.

మరి రోగాలు అసలు మొదట ఎక్కడి నుంచి పుడతాయి? ఎక్కువ భాగం జంతువుల నుంచి. తట్టును తీసుకోండి. పశువుల కొట్టాలను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ వైరస్‌కు తట్టు వైరస్ దాయాది. ఏ కాలంలోనో పశువుల వైరస్ మనిషికి దూకి, మనిషిలోనే కాపురం పెట్టింది. పాలు పిండుతూ, పేడ ఎత్తుతూ, దూడలతో ఒకే కప్పు కింద పడుకుంటూ బతికిన మనిషికి అట్లాంటి దూకుళ్లు వేలసార్లు జరిగి ఉంటాయి. దాదాపు అన్నీ అక్కడికక్కడే ఆరిపోయి ఉంటాయి.

ఎందుకు ఆరిపోతాయో చెబుతాను. దోమకొండంత ఊరు ఒక్కటే ఈ భూమ్మీద ఉందనుకోండి, కొన్ని వేల జనం. టీకాలు లేవు. తట్టు వచ్చింది. ఒక రోగి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించేంత వేగం దానిది. కొద్ది వారాల్లో ఊరంతా చుట్టేస్తుంది. వచ్చి తగ్గినవాళ్లకు జన్మలో మళ్లీ రాదు. ఇక అంటడానికి కొత్త మనిషి లేడు. పుట్టే పసిపిల్లలు నెలకు ఎంతమంది? వైరస్‌కు చాలరు. అది చచ్చిపోతుంది. తట్టు నిరంతరాయంగా బతకాలంటే ఒకరితో ఒకరికి రాకపోకలున్న రెండున్నర నుంచి ఐదు లక్షల జనం కావాలని లెక్క కట్టారు. అంత జనం ఒక్కచోట చేరింది నగరాలు కట్టిన తరువాతే. వేట మీద బతికిన పూర్వీకుల చిన్న చిన్న గుంపుల్లో తట్టు ఉండటానికి వీలే లేదు. నేను ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. వైరస్‌ను ఇచ్చింది పశువు, దాన్ని నిలబెట్టింది మన సంతలు, తోవలు, పట్నాలు.

తోవల మాట వచ్చింది కాబట్టి ప్లేగు. హాంకాంగ్‌లో 1894లో చెలరేగిన ప్లేగు ఓడలెక్కి 1896లో బొంబాయిలో దిగింది. అక్కడి నుంచి రైళ్లలో, ధాన్యం బస్తాల మధ్య ఎలుకలతో దేశమంతా పాకింది, నిజాం రాజ్యంలోకీ వచ్చింది. 1911లో హైదరాబాద్ నగరాన్ని పట్టింది. ప్లేగు ఎట్లా అంటుతుందో వైద్యులు తల పట్టుకున్న రోజుల్లోనే మన పల్లెటూరివాళ్లకు ఒక గుర్తు తెలుసు: ఇంట్లో ఎలుకలు రాలుతున్నాయంటే ఇల్లు విడవాలి. ఊరికి ఊరే ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకొని నెలల పాటు ఉండేవారు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అసలు గుట్టు విప్పాడు. ఎలుక ఒళ్లు చల్లబడగానే దాని మీది గోమార్లు, అంటే ఫ్లీ అనే చిన్న పురుగులు, వెచ్చటి ఒంటి కోసం దూకుతాయి. దగ్గర్లో మనిషి ఉంటే మనిషి మీదికి. ఎలుక రాలిన ఇల్లు విడవడమంటే ఆ పురుగులకు అందకుండా పోవడం. కారణం తెలియకపోయినా మన పెద్దల చూపు సరైన చోటే పడింది.

అన్నిటా సరిగ్గా పడిందని మాత్రం అనను. తల్లి పోసిన, అంటే మశూచి వచ్చిన ఇంటికి వేపాకు కట్టి, బయటివాళ్లను రానీయకుండా, రోగిని ఒక మూలన చల్లగా పడుకోబెట్టడం మంచి పనే. మశూచి నలుగురికి పాకకుండా అది కొంత ఆపి ఉంటుంది. ఊరి పొలిమేరలో పోచమ్మకు బోనం తీసుకుపోయే ఆడవాళ్ల భయమూ ప్రేమా నాకు తెలుసు, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ తల్లి కోపగించుకుంటుందని టీకా వేయించకపోవడం వల్ల ఎన్ని ఇళ్లలో పసివాళ్లు పోయారో, ఎన్ని కళ్లు చూపు కోల్పోయాయో. మశూచి మన దేశం నుంచి 1975లో పోయింది, టీకాతోనే పోయింది. గత్తర వస్తే మంత్రగత్తె అని ఎవరో ఒంటరి ముసలామెను తరిమిన కథలు కూడా పల్లెల్లో ఉన్నాయి. క్రిమి దారి తెలియనప్పుడల్లా మనిషి పక్క మనిషినే అనుమానిస్తాడు.

2020లోనూ అదే చూశాం కదా. మనది వలసల నేల. బొంబాయి, దుబాయి అంటే మన ఇళ్లలో పక్క ఊరి పేరు చెప్పినంత తేలిక. 2009లో స్వైన్‌ఫ్లూ దేశంలో మొదట బయటపడింది అమెరికా నుంచి దుబాయి మీదుగా హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిలో. 2020 మార్చి 2న తెలంగాణలో తేలిన తొలి కరోనా రోగి కూడా దుబాయి వెళ్లి వచ్చిన మనిషే. పాతకాలపు ఓడలో రోగి ఒడ్డు చేరేలోపే రోగం బయటపడేది. ఇప్పుడు విమానం నాలుగు గంటల్లో దించేస్తుంది, క్రిమి లోపల పొదుగుతుండగానే మనిషి ఇంటికి చేరి బిడ్డను ఎత్తుకుంటాడు. అది అతని తప్పు ఎట్లా అవుతుంది? కుటుంబం కోసం ఎండల్లో కష్టపడి వచ్చినవాడిని ఊరి పొలిమేరలో ఆపి మాటలన్న చోట్ల గురించి విన్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. పద్నాలుగు రోజులు వేరే గదిలో పడుకోబెట్టి, గడప దగ్గర వేడి అన్నం పెట్టి వచ్చినవాళ్లూ ఉన్నారు. చేయాల్సింది అది.

క్షయ ఉన్నవాళ్ల విషయంలోనూ ఇంతే. మన దిక్కు ఇంటింటా బీడీలు చుడతారు. తలుపులు మూసిన గదిలో ఆకు దుమ్ము, తంబాకు, పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లు. క్షయ దగ్గుతో బయటికి వచ్చి, మూసిన గది గాలిలో గంటల తరబడి తేలుతుంది. రోగితో పాటు కూర్చుని తింటే కంచంతో రాదు. కిటికీ తీస్తే గాలితో పాటు పోతుంది. మందు సరిగ్గా మొదలుపెడితే మామూలుగా కొద్ది వారాలకే అంటించడం బాగా తగ్గిపోతుంది. కానీ కోర్సు మాత్రం మధ్యలో ఆపకూడదు. రెండు వారాల పైన దగ్గు ఉంటే మీ అమ్మనూ పెద్దమ్మనూ గళ్ల పరీక్షకు సర్కారు దవాఖానకు తీసుకుపోండి, సిగ్గుపడొద్దని చెప్పండి.

చివరికి వానాకాలం సంగతి. 2025 ఆగస్టు చివర మన కామారెడ్డి జిల్లాను ముంచిన వానలు మీకు గుర్తే. వాన వెలిసిన రెండు మూడు వారాలకు జ్వరాలు మొదలవుతాయి, దవాఖాన ముందు చిట్టీల లైను పెరుగుతుంది. డెంగీని తెచ్చేది ఏడిస్ దోమ. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలు. ఇది కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. దీనికి మురికి కాలువ పనికిరాదు, మంచినీళ్లే కావాలి. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు, మేడ మీది పాత టైరు, కొబ్బరి చిప్ప, ఫ్రిజ్ వెనక పళ్లెం, కోళ్లకు పెట్టిన మట్టి మూకుడు. దూరం ఎగరదు, మామూలుగా కొన్ని వందల అడుగుల లోపే. కాబట్టి మిమ్మల్ని కుట్టిన ఏడిస్ మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో పుట్టినదే. ఊరవతల చెరువును తిట్టి లాభం లేదు.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. శుక్రవారం డ్రైడే అని ఆరోగ్యశాఖ వాళ్లు మొత్తుకునేది ఆ లెక్క మీదే. వారానికొకసారి తొట్లు ఖాళీ చేస్తే లోపలి పురుగు దోమ అయ్యేలోపే నేలపాలవుతుంది. అయితే నీళ్లు కుమ్మరించి ఊరుకోకండి. ఏడిస్ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడ తడిగా ఉన్న చోట. నల్లటి నువ్వు గింజ కంటే చిన్నవి, గోడకు అతుక్కొని ఉంటాయి. తొట్టి ఎండిపోయినా అవి చావవు, నెలల తరబడి అట్లాగే ఉండి మళ్లీ నీళ్లు తాకిన రోజు పొదుగుతాయి. పీచు తీసుకొని, తొట్టి లోపలి గోడను అంచు దాకా గట్టిగా రుద్ది, ఆ తరువాత నీళ్లు నింపి మూత పెట్టండి.